బయటికి వినబడని కారు

కారు అరిస్తే పరిగెడుతుందనుకునే వెర్రివెంగళప్పలు లోకంలో ఎందరున్నారో సైలెన్సర్ మేస్త్రీని అడిగితే చెబుతాడు. ముప్ఫై నాలుగేళ్లుగా వాళ్లంతా ఒకరి వెనక ఒకరు వచ్చి ఆయన కొట్టు ముందే నిలబడ్డారు మరి. "మేస్త్రీగారూ, కాస్త సౌండ్ రావాలండీ, పవర్ ఉందని తెలియాలి కదా" అంటారు. ఆయన వెల్డింగ్ ఆపి, నల్ల కళ్లద్దాలు నుదుటి మీదికి నెట్టి, వచ్చినవాణ్ణి పాదాల నుంచి తల దాకా తీరిగ్గా చూస్తాడు. "కడుపునొప్పి వచ్చినట్టు అరవాలంటే ఎదురు కొట్టుకి పోవయ్యా. అక్కడ డబ్బాలు తగిలిస్తారు. ఇక్కడ పని చేస్తారు" అంటాడు. వాడు ముఖం మాడ్చుకుని రోడ్డు దాటి ఎదురు కొట్టుకు పోతాడు.

ఎదురు కొట్టు ముందు పొద్దుటి నుంచీ కార్లు బారులు తీరి ఉంటాయి. బంగారంలాంటి సైలెన్సర్ ఊడబెరికించుకుని, దాని చోట చెంబంత నోరున్న ఖాళీ డబ్బా పెట్టించుకుని, వీధి వీధంతా అదిరిపోయేలా నాలుగు రంకెలు వేయించుకుని మరీ పోతారు. ఆ రంకెల వల్ల బండికి వీసమెత్తు బలం పెరగలేదని వాళ్లకు తెలియదు, తెలిసినా పట్టదు. "గాడిద కూడా అరుస్తుంది. దాన్ని తీసుకెళ్లి రేసులో పెడతామా?" అని మేస్త్రీ తన కొట్టులోంచే, వాళ్లందరికీ వినబడేలా అంటాడు. ఎదురు కొట్టువాడు వినీ విననట్టు ఊరుకుంటాడు.

నోరు ఎలాంటిదైనా పని మాత్రం పనే, ఒప్పుకోవాలి. ఇంజను కూడా మనిషిలాగే ఊపిరి పీల్చి వదులుతుంది. వదిలే దారి ఇరుగ్గా ఉంటే దాని బలంలో కొంత ఆ పొగను బయటికి గెంటడానికే ఖర్చయిపోతుంది. అందుకని కంపెనీవాళ్లు వేసిన సన్న గొట్టాన్ని, ఒంపు ఒంపుకీ నొక్కుకుపోయిన గొట్టాన్ని ఆయన పీకి అవతల పారేస్తాడు. ఒక సైజు పెద్ద గొట్టం తీసుకుని, లోపల ఎండబెట్టిన ఇసుక కూరి, రెండు కొసలా చెక్క బిరడాలు కొట్టి, ఎర్రగా కాల్చి వంచుతాడు. లోపల ఇసుక నిండుగా ఉంటుంది కాబట్టి ఒంపు దగ్గర గొట్టం నొక్కుకుపోదు. పొగను శుభ్రంచేసే డబ్బా జోలికి మాత్రం పోడు. చివర ఉండే పెద్ద డబ్బా తన చేత్తోనే చుడతాడు. మధ్యలోంచి సన్న రంధ్రాల గొట్టం తిన్నగా పోతుంది. దాని చుట్టూ ఇనుప పీచు, ఆ పైన గాజు పీచు దట్టంగా కూరుతాడు. పొగ తిన్నగా వెళ్లిపోతుంది, చప్పుడు రంధ్రాల్లోకి దూరి పీచులో పడి చస్తుంది. బండికి లాగుడు పెరుగుతుంది, నోరు మాత్రం పెగలదు.

పని అయ్యాక పరీక్ష ఉంటుంది. అది చూడటానికి పక్క కొట్లవాళ్లు కూడా వచ్చేవారు. కారు వెనక ఒక స్టూలు వేసి, దాని మీద పాత రేడియో పెట్టి, వార్తలు చిన్నగా పెడతాడు. కారు యజమానిని కూర్చోబెట్టి యాక్సిలరేటర్ గట్టిగా తొక్కమంటాడు. తను పది అడుగుల దూరంలో నిలబడి చెయ్యి చెవి దగ్గర పెట్టుకుంటాడు. రేడియోలో చదివే మాట ఒక్కటి వినబడకపోయినా డబ్బా కోసి మళ్లీ చుడతాడు. వార్తలు మొత్తం వినబడితేనే బండి వదులుతాడు. "ఇంజను పనిచేస్తోందో లేదో మీరే చెయ్యి పెట్టి చూసుకోండి" అని, వెనక గొట్టం దగ్గర అరచెయ్యి పెట్టించి, గర్వంగా మీసం దువ్వుకుంటాడు.

ఇంత చేసిన మనిషికి డ్రైవింగ్ రాదు. నేర్చుకోవాలనీ అనుకోలేదు. "చక్రం తిప్పడం కూడా ఒక విద్యేనా? కోతికి నేర్పినా తిప్పుతుంది" అనేవాడు. కొట్టు మీదే ఇల్లు. కూరగాయలకు కాలినడక, దూరమైతే బస్సు. తను బాగుచేసిన కారులో కూర్చుని వీధి చివర దాకా అయినా పోయినవాడు కాదు. కార్లన్నీ ఆయనకు కింది నుంచి తెలుసు, వెనక నుంచి తెలుసు. లోపల కూర్చునే జనాలంటే ఆయనకు ఎటూ చులకనే.

ఆ చులకన ఎలాంటిదో ఒక లెక్కల మాస్టారికి బాగా తెలుసు. పాపం, మెత్తని మనిషి. కారు బాగుచేయించుకుని పోయిన నెలకు తిరిగొచ్చాడు. ఊళ్లో బాగానే ఉందిగానీ, హైవే ఎక్కి ఒక వేగానికి వచ్చేసరికి కారు లోపల గూం అని మోత వస్తోందనీ, తల పట్టేస్తోందనీ నసుగుతూ చెప్పాడు. జేబులోంచి ఒక కాగితం కూడా తీశాడు. ఆ మోత స్థాయికి తగిన పొడుగున పక్కగా ఒక గొట్టం అతికించి, దాని చివర మూసేస్తే మోత దానంతటదే చచ్చిపోతుందని లెక్క వేసి తెచ్చాడు. మేస్త్రీ ఆ కాగితాన్ని నలుగురికీ చూపించాడు. "పొగ పోని గొట్టమట! ఎందుకండీ, తువ్వాలు ఆరేసుకోడానికా? నా బండిలో మోత లేదు మాస్టారూ. చెవిలో గుబిలి తీయించుకోండి, మోత పోతుంది" అన్నాడు. కొట్టులో ఉన్నవాళ్లంతా పగలబడి నవ్వారు. మాస్టారు కాగితం మడిచి జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడు. ఆ తర్వాత ఆ వీధిలోకే రాలేదు.

ఆయన తర్వాత ఇంకెవరూ ఏమీ చెప్పలేదు. మేస్త్రీ దాన్ని తన పనితనానికి సాక్ష్యమనుకున్నాడు.

మేస్త్రీకి ఒక్కతే కూతురు. ఆ పిల్ల అంటే ప్రాణం, కాకపోతే ఆ ప్రాణం ఎక్కడ పెట్టుకున్నాడో ఎవరికీ కనబడనివ్వడు. అల్లుడు ఇన్సూరెన్సు ఆఫీసులో గుమాస్తా. గోడను అడిగి మాట్లాడినట్టు మాట్లాడతాడు, గొంతు లేవదు. మనిషన్నాక ఒకసారైనా టేబుల్ మీద చెయ్యి చరచాలి గదా, వీడేం మగాడు, అని మేస్త్రీకి మొదటి రోజు నుంచీ ఒక ముల్లు ఉంది. అలాంటి అల్లుడు రెండేళ్ల కిందట ఒక సెకండ్‌హ్యాండ్ కారు కొని, తిన్నగా మామగారి దగ్గరికే తెచ్చాడు.

"మావయ్యగారూ, మా కాలనీకి ముందు ఎత్తు ఉంది కదండీ. నలుగురం ఎక్కితే బండి ఆయాసపడుతోంది. కాస్త లాగుడు కావాలి. కానీ చప్పుడు రాకూడదండీ, మా పక్కింట్లో పెద్దావిడ జబ్బుమనిషి" అన్నాడు.

జన్మలో మొదటిసారి అల్లుడి నోట ఒక తెలివైన మాట విన్నానని మేస్త్రీ భార్యతో అన్నాడు. కొట్టులో మిగతా పనులన్నీ పక్కన పెట్టి పన్నెండు రోజులు ఆ కారు కింద పడుకున్నాడు. ఇంజను దగ్గర నాలుగు గొట్టాలు రెండుగా, రెండు ఒకటిగా కలిసే చోటు చేత్తో అరగదీసి అద్దంలా చేశాడు. డబ్బాలో మామూలుగా కూరేదానికి రెట్టింపు పీచు కూరాడు. పరీక్ష నాడు రేడియోలో వార్తలు చదివే అమ్మాయి గుక్క తిప్పుకోవడం కూడా వినబడింది. "నా కూతురి కారు" అని ఆ రోజు వచ్చినవాళ్లందరికీ చెప్పాడు. అల్లుడి కారు అనలేదు.

మొదట్లో కూతురు పదిహేను రోజులకోసారి మనవరాలితో వచ్చేది. దూరం ముప్ఫై మైళ్లకు తక్కువే, సగం పైగా హైవే. కారు ఆగీ ఆగగానే మేస్త్రీ టార్చిలైటు పట్టుకుని దాని కిందకు దూరేవాడు. అతుకులన్నీ తడిమి చూసుకుని, బయటికొచ్చి చేతులు తుడుచుకున్నాక గానీ "బాగున్నావా" అని కూతుర్ని అడిగేవాడు కాదు. తర్వాత నెలకోసారి అయింది. తర్వాత రెండు నెలలకోసారి. ఇప్పుడు ఏడు నెలలైంది, పిల్ల గడప తొక్కలేదు. ఫోన్ చేస్తే "వస్తానమ్మా, చూస్తున్నాం" అంటుంది.

చెప్పొద్దూ, మేస్త్రీ లోలోపల కుంగిపోయాడు. మనవరాలికి ముందుపళ్లు ఊడాయట, ఫోన్‌లో మాట తొస్సిగా వినబడుతోంది, ఆ బోసినోరు ఆయన చూడనే లేదు. ఆదివారం వస్తే భార్య మెట్ల మీద కూర్చుని వీధి చివరకేసి చూస్తుంది. ఆమెను చూడలేక ఈయన కిందకు దిగి, లేని పని కల్పించుకుని ఇనుము మీద సుత్తితో బాదుతాడు. కూతురు రాకపోతే ఆ మేడ మీద గది గది కాదు, గిడ్డంగి. ఆ మాట మాత్రం పైకి అనడు. పైకి అనేది వేరే ఉంది.

"వాడే ఆపుతున్నాడు. పిల్లిలా ఉంటూనే పిల్లని పుట్టింటికి దూరం చేస్తున్నాడు. నాకు తెలియదనుకున్నాడేమో."

"అల్లుడుగారు అలాంటివారు కాదండీ" అనేది భార్య.

"నీకేం తెలుసు? నోరెత్తనివాడి కడుపులోనే ఉంటుంది విషం."

ఆవిడ నీళ్లు నమిలి ఊరుకునేది. ముప్ఫై ఆరేళ్ల కాపురంలో ఆవిడకు బాగా అలవాటైన పని అదే.

ఒక ఆదివారం పొద్దున మేస్త్రీకి తిక్క రేగింది. ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, ఎక్కడికని అడిగిన భార్యకు జవాబు చెప్పకుండా బస్సెక్కాడు. దారి పొడుగునా అల్లుణ్ణి ఏమని కడిగెయ్యాలో మాటలు పేర్చుకున్నాడు. పక్క సీటాయన "మీకు ఒంట్లో బాగాలేదా?" అని అడిగేదాకా తను పళ్లు నూరుతున్న సంగతి ఆయనకే తెలియదు.

తలుపు అల్లుడే తీశాడు. బనీనుతో ఉన్నాడు, చేతిలో గోళ్లు తీసే కత్తెర. వెనక నేల మీద పాత పేపరు పరిచి ఉంది. మనవరాలు దాని మీద కాళ్లు చాపుకుని కూర్చుని, తాతను చూసి, బోసినోరంతా తెరిచి కేకపెట్టింది. మేస్త్రీకి గుండె నీరైంది. అయినా ఊరుకుంటాడా? పేర్చుకొచ్చిన మాటలు వృథా అయిపోవూ?

"ఏమయ్యా, నా కూతుర్ని కొనుక్కున్నావా? ఏడు నెలలు! వాళ్లమ్మ ఆదివారం ఆదివారం మెట్ల మీద కాపలా కుక్కలా కూర్చుంటోంది. నేను కారు చేసిచ్చింది దేనికి? ఎత్తు ఎక్కి నీ కొంపకి రావడానికే గానీ, ఎత్తు దిగి మా కొంపకి రావడానికి కాదా?"

అల్లుడు కత్తెర మూశాడు. ఏదో చెప్పబోయి, వంటింటి గుమ్మంలోకి వచ్చిన భార్య వైపు చూశాడు. ఆమె తల అడ్డంగా ఊపింది, కనబడీ కనబడనట్టు. మేస్త్రీ అది చూశాడు. చూసి, భర్తకు భయపడుతోందనుకున్నాడు. ఇరవై రంధ్రాల్లో ఏ రంధ్రం పూడిందో చూపుడువేలితో చెప్పగల మనిషికి ముఖం మీది మాట చదవడం రాదు.

"పద నాన్నా, వస్తాను. ఇప్పుడే వస్తాను. అమ్మని చూసి సాయంత్రానికి వచ్చేస్తాను" అంది కూతురు, తడి చేతులు కొంగుకు తుడుచుకుంటూ.

"బస్సులో వెళ్తే నయమేమో" అన్నాడు అల్లుడు, గోడకు చెప్పినట్టు.

"కారు గుమ్మంలో పెట్టుకుని బస్సేమిటయ్యా? పెట్రోలు అరిగిపోతుందనా?"

అల్లుడు లోపలికెళ్లి ఒక మాత్రల పట్టీ తెచ్చి భార్య చేతిలో పెట్టాడు. "ఏమిటవి?" అని మేస్త్రీ అడిగితే కూతురు "ఏం లేదు నాన్నా, తలనొప్పికి" అంది. మేస్త్రీ అల్లుడి వైపు గుచ్చి చూశాడు. పిల్లకు తలనొప్పి ఎందుకు వస్తోందో తనకు తెలుసన్నట్టు.

అల్లుడు ఇంట్లోనే ఉండిపోయాడు. కారు నడపడానికి కూతురు కూర్చుంది, మేస్త్రీ వెనక సీట్లో మనవరాలి పక్కన కూర్చున్నాడు. తను చేసిన కారులో కూర్చోవడం అదే మొదలు. తాళం తిప్పారో లేదో కూడా తెలియలేదు, కారు కదిలింది. కాలనీ వీధుల్లో నీళ్ల మీద పోయినట్టు పోయింది. పక్కింటి పెద్దావిడ వరండాలో కునుకు తీస్తోంది, కన్ను కూడా తెరవలేదు. "చూశావా? చూశావా?" అని మేస్త్రీ మనవరాలి భుజం కుదిపాడు. ఎత్తు దిగే చోట ఎదురుగా ఒక కారు మూలుగుతూ ఎక్కుతోంది. "వాడి గొట్టం నొక్కుకుపోయింది, వెధవకి తెలీదు" అన్నాడు. రంకె వేస్తూ ఇంకోటి దాటిపోతే కిటికీలోంచి తల పెట్టి "ఒరే, డబ్బా!" అని అరిచాడు. ఆనందం పట్టలేకపోయాడు. ఇన్నేళ్లూ ఈ కార్లలో కూర్చునే సన్నాసులు ఎంత సుఖపడుతున్నారో, ఒక్కడైనా వచ్చి నాలుగు మంచి మాటలు చెప్పాడా అని మనసులో తిట్టుకున్నాడు కూడా.

కారు హైవే ఎక్కింది. వేగం పెరుగుతోంది. మనవరాలు కిటికీలోంచి బయటికి చూస్తూ, ఉన్నట్టుండి రెండు అరచేతులూ చెవులకు గట్టిగా అదుముకుంది.

"తాతా, నువ్వు కూడా మూసుకో. పెట్లోల్ బంకు దాటగానే వస్తుంది."

"ఏమొస్తుందే?"

"ఊరుకోవే" అంది కూతురు ముందు నుంచి. బంకు దాటింది. వచ్చింది.

పెద్ద చప్పుడేమీ కాదది. చెవులు పగిలే చప్పుడైతే నయమే, కిటికీ వేసుకుంటే పోతుంది. ఇది ఖాళీ నీళ్ల ట్యాంకులో మనిషిని కూర్చోబెట్టి, పైన మూత వేసి, గూంమ్మని ఎవరో ఆపకుండా ఊదుతున్నట్టు ఉంది. సీటులోంచి వెన్నులోకి ఎక్కింది. పళ్ల మధ్య సన్నగా వణికింది. కళ్ల వెనక ఎవరో బొటనవేళ్లతో నొక్కుతున్నట్టయింది. మేస్త్రీ ఆవలించి చూశాడు, ఉమ్మి మింగి చూశాడు. అది పోలేదు.

"రోడ్డు బాగాలేదు" అన్నాడు.

రోడ్డు నున్నగా ఉంది.

"టైర్లలో గాలి చూసుకోరు. కిటికీ దించు." కూతురు దించింది. మోత ఇంకాస్త బలిసింది. "ఎత్తు, ఎత్తు. వెనక డిక్కీలో ఏదో సామాను కదులుతోంది." డిక్కీ ఖాళీగా ఉందంది కూతురు. "సరే, కాలు తియ్యి" అన్నాడు. ఆమె యాక్సిలరేటర్ మీద కాలు తీసింది. మోత టక్కున ఆగింది. "తొక్కు." తొక్కింది. గూం. "తియ్యి." ఆగింది. "తొక్కు."

ఆ ఒక్క విషయంలో ఆయన తనను తాను మోసం చేసుకోలేడు. పనిమంతుడు కదా. ఇంజను మీద బరువు పడ్డప్పుడే, ఆ ఒక్క వేగం దగ్గరే పలుకుతోందంటే అది రోడ్డు కాదు, టైరు కాదు, కిటికీ కాదు. గొట్టం పలుకుతోంది. తను పన్నెండు రోజులు చేత్తో అరగదీసిన గొట్టం. కొట్టులో బండి నిలబెట్టి తొక్కితే ఎప్పటికీ రాదది. బరువు లాగుతూ రోడ్డెక్కితేనే వస్తుంది. లోపల కూర్చున్నవాడికే వినబడుతుంది. బయట పది అడుగుల దూరంలో, స్టూలు పక్కన, చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని నిలబడ్డ మొనగాడికి వినబడదు. పక్కన మూసిన గొట్టం ఒకటి అతికిస్తే ఇది చచ్చి ఊరుకుంటుందని కూడా ఆ క్షణాన ఆయనకు అర్థమైంది. లెక్కల మాస్టారు మడిచి జేబులో పెట్టుకున్న కాగితం గుర్తొచ్చి ఒళ్లు వేడెక్కింది. ఎన్ని కార్లు పంపాడు ఇలా? వందా? రెండు వందలా? ఎంతమంది ఇలా తలలు పట్టుకుని, గుట్టుచప్పుడు కాకుండా, ఆయన నోటికి జడిసి రోడ్ల మీద తిరుగుతున్నారు? సన్నాసులట! సుఖపడుతున్నారట!

"నేనైతే మూసుకుంటా తాతా" అంది మనవరాలు, చెవుల మీది చేతులు తీయకుండానే, గట్టిగా. "అమ్మ మూసుకోదు. అమ్మ చేతులు స్టీలింగు మీద ఉండాలి కదా. ఇంటికెళ్లాక వాంతి చేసుకుని పడుకుంటుంది."

"నోర్మూసుకోవే!" అంది కూతురు. కారు వేగం తగ్గించింది. మోత పోయింది. ఎడమ పక్కకు వచ్చి, సైకిలుకు కాస్త ఎక్కువగా పోనిచ్చింది. వెనక లారీలు హారన్లు కొట్టి తిడుతూ దాటిపోసాగాయి.

ఈసారి మేస్త్రీ గొంతు అల్లుడి గొంతులా వచ్చింది.

"ఎప్పటి నుంచి?"

"మొదటి రోజు నుంచి నాన్నా."

"రెండేళ్లా? రెండేళ్లు నోరు కుట్టేసుకున్నావా? నాకొక ముక్క చెబితే ఏం పోయింది?"

ఆమె అద్దంలో తండ్రిని ఒకసారి చూసి, మళ్లీ రోడ్డు చూసింది. "చెప్పబోయాను, రెండోసారి వచ్చినప్పుడు. హైవే మీద కొంచెం, అన్నానో లేదో, 'నీ మొగుడు నేర్పి పంపాడా?' అన్నావు. కొట్టులో నలుగురూ ఉన్నారు. ఆయన బయట నిలబడే ఉన్నారు, విన్నారు."

మేస్త్రీకి ఆ సంగతి గుర్తు కూడా లేదు.

"పోనీ ఇంకెవరి చేతనైనా..."

"మీ ఎదురు కొట్టాయనకి ఈయన ఫోన్ చేశారు. ఎవరి కారో తెలిశాక ఆయన దణ్ణం పెట్టేశాడట. 'ఆ మేస్త్రీ అతుకు నేను కోశానని తెలిస్తే నా కొట్టు ముందు నిలబడి ఏడు తరాలు తిడతాడు, నన్నొదిలెయ్యండి బాబూ' అన్నాడట. కోయించినా నువ్వు ఊరుకుంటావా? నేను దిగకముందే కారు కింద ఉంటావు."

"బస్సులో రావచ్చుగా?"

"వస్తే 'కారేది?' అంటావు. ఏం చెప్పను?" ఆమె వెనక లారీకి దారిచ్చింది. "ఈ కారులో రాలేను, ఇది లేకుండా రాలేను. ఇంట్లో కూర్చున్నాను. నువ్వు ఆయన్ని తిడుతున్నావని అమ్మ చెబుతూనే ఉంది. తిట్టనీ, నాకు అలవాటే, మీ నాన్నగారు మాత్రం చిన్నబోకూడదు అన్నారాయన."

"మీ అమ్మకి తెలుసా?"

"అమ్మకి మొదటి రోజే చెప్పాను. 'ఆయన చెవిన పడనీకే తల్లీ, ఇల్లు పీకి పందిరేస్తారు' అంది."

మేస్త్రీ కిటికీకేసి తిరిగాడు. ఏడు నెలలుగా మెట్ల మీద కూర్చుని వీధి చివర చూసే మనిషికి, పిల్ల ఎందుకు రావడం లేదో తెలుసు. తెలిసీ ఆయన అల్లుణ్ణి తిడుతుంటే పక్కన కూర్చుని విన్నది. కూతుర్ని వదులుకుంది గానీ ఆయనకు ఆ ముక్క చెప్పే సాహసం మాత్రం చేయలేదు. పెళ్లాం, కూతురు, అల్లుడు, ఎదురు కొట్టువాడు, పళ్లూడిన పిల్ల, అందరికీ తెలిసిన సంగతి ఒక్క ఆయనకే తెలియదు. ఇంత బతుకు బతికి సంపాదించింది ఇదీ! ఛీ, అనుకున్నాడు. ఆ ఛీ అనడం ఆయనకు కొత్త కాదు, తనను తాను అనుకోవడం కొత్త. మనవరాలు ఆయన ముఖంలోకి చూసి, చెవుల మీది చేతులు తీసి, ఒక చెయ్యి ఆయన మోకాలి మీద పెట్టింది.

మిగతా దారంతా కారు అలా నత్తలా నడుస్తూనే ఉంది. గంటలో చేరాల్సింది రెండు గంటలు పట్టింది. వేగంగా పోనిమ్మని అనే ముఖం ఆయనకు లేదు.

వీధి మలుపు తిరగగానే మెట్ల మీది మనిషి లేచి నిలబడింది. మోకాళ్ల నొప్పులు మరిచిపోయి గబగబా దిగి, మనవరాల్ని ఎత్తుకోబోయి ఎత్తుకోలేక, అక్కడే కూర్చుని గుండెకు అదుముకుంది. ఏడ్చింది, నవ్వింది, పిల్ల నోరు తెరిపించి ఊడిన పళ్ల చోటు వేలితో తడిమి చూసింది. అప్పుడు కూతురి ముఖం చూసింది. తెల్లగా పాలిపోయి ఉంది. వెంటనే భర్త ముఖం చూసింది. ఆ చూపులో ఉన్నది భయమని ఆయనకు ఈసారి తెలిసింది.

"ప్రయాణం బాగా జరిగిందా తల్లీ?" అంది పెద్దగా, ఆయనకు వినబడేలా.

"హాయిగా జరిగిందమ్మా. కారు దూదిలా వచ్చింది" అంది కూతురు, అంతే పెద్దగా.

ఇద్దరూ ఒక్క అక్షరం తడబడలేదు. ఎన్నిసార్లు ఇలా తన ముందు నిలబడి ఈ మాటలే అనుకున్నారో! మేస్త్రీ ఇనుప తలుపు పట్టుకుని నిలబడ్డాడు.

"కారులో మోత ఉంది" అన్నాడు.

భార్య చప్పున లేచి, కూతురికి అడ్డంగా వచ్చి నిలబడి, "అల్లుడుగారు ఏదైనా కదిపారేమోనండీ. ఆయనకేం తెలుసు పాపం, తెలియక ఏదో చేయించి ఉంటారు" అంది. తల వంచుకుని, చీర అంచు వేళ్లకు చుట్టుకుంటూ, ఇక తిట్లకు సిద్ధపడింది.

"ఆయన కాదు" అన్నాడు మేస్త్రీ. అల్లుణ్ణి ఆయన అని అనడం అదే మొదలు. నోరు తెరిచి, మూసి, మళ్లీ తెరిచాడు. "నా తప్పేనే. గొట్టం నేనే తప్పుగా చేశాను."

భార్య ఒక్క అంగలో దగ్గరికొచ్చి, ఆయన నుదుటి మీద చెయ్యి వేసింది, మెడ మీద చెయ్యి వేసింది. "ఒళ్లు కాలుతోందా ఏమిటి? నాన్నకి ఏమైందే?" అని కూతురి మీద అరిచింది. "నీళ్లు తేవే, ముందు నీళ్లు తే!"